కొబ్బరి చిప్ప, పిండి ముద్ద, అరటి దొప్ప: ఐదేళ్లలోపు పిల్లలకు ఇంట్లో ఆట ఎలా పెట్టాలి

ముందు ఒక బుట్ట తీయండి. వెదురుదైనా సరే, పాత ప్లాస్టిక్ టబ్బైనా సరే, పిల్ల తనంతట తాను లాక్కోగలిగేంత తేలిగ్గా ఉండాలి. దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం – ఎక్కడున్నా మన తెలుగిళ్లలో ఆ బుట్టలోకి కావలసినవి వంటింట్లోనో పెరట్లోనో దొరుకుతాయి. నాలుగైదు కొబ్బరి చిప్పలు (పీచు గీకేసి, అంచులు గరుకు రాయి మీద అరగదీసినవి), గిద్ద, సోల, తవ్వ, మూతలున్న స్టీలు డబ్బాలు రెండు, ఖాళీ అగ్గిపెట్టెలు ఒక డజను, పాత చీర ముక్కలు మూడు, అడ్డాకుల విస్తళ్లు రెండు, గింజలు ఒలిచేసి ఎండబెట్టిన మొక్కజొన్న కండెలు, ఎండిన తాటి బుర్రలు రెండు. ఇంతే. బజారుకు వెళ్లక్కర్లేదు.

ఇందులో ఒక్కటి కూడా బొమ్మల దుకాణంలో అమ్మేది కాదని గమనించే ఉంటారు. బ్యాటరీ కారు మీట నొక్కితే తిరుగుతుంది, పాట పాడుతుంది, ఆగిపోతుంది. ఆట అంతా కారే ఆడేస్తుంది, పిల్ల చూస్తూ కూర్చుంటుంది. కొబ్బరి చిప్ప అలా కాదు. ఈ పూట గిన్నె, రేపు టోపీ, ఎల్లుండి తాబేలు. ఏమవ్వాలో పిల్లే తేల్చుకోవాలి. విడివిడి సామాను ఎన్ని రకాలుగా మార్చుకునే వీలుంటే పిల్లల ఊహకు అంత పని దొరుకుతుందని బ్రిటన్ కళాకారుడు సైమన్ నికల్సన్ 1971లో రాసిన వ్యాసంలో వాదించాడు. మన గుజ్జనగూళ్ల ఆట ఆయన కంటే ఎంతో పాతది.

బుట్టలో అన్నీ ఒకేసారి వేయకండి. ఏడెనిమిది వస్తువులు చాలు. మిగతావి అటక మీద దాచి వారానికోసారి రెండు మార్చండి. ముప్పై వస్తువులు ముందు పోస్తే పిల్లలు దేనితోనూ కూర్చోరు, బుట్ట బోర్లించి వెళ్లిపోతారు. "మా వాడికి నిలకడ లేదండీ" అని చెప్పే ఇళ్లలో చాలాసార్లు కారణం ఇదే.

ఏ వయసుకు ఎంత

ఏడాది నిండిన పిల్లకు డబ్బాలో వేయడం, తీయడం, మూత పెట్టడం – అదే ఆట. నూరుసార్లు అదే చేస్తుంది, ఆపకండి. ఏడాదిన్నరకు చేతికి ఏదిస్తే దానితో గీతలు లాగుతుంది, రెండు మూడు అగ్గిపెట్టెలు ఒకదాని మీద ఒకటి నిలబెడుతుంది. రెండేళ్లకు ఆ మేడ ఐదారు పెట్టెల దాకా లేస్తుంది. మూడేళ్లకు చూసి సున్నా గీయగలుగుతుంది. నాలుగేళ్లకు కూడిక గుర్తు గీస్తుంది, మనిషిని వేస్తుంది – తలలోంచే కాళ్లు వస్తాయి, పొట్ట ఉండదు, అది తప్పు కాదు. ఐదేళ్లకు త్రిభుజం వస్తుంది. ఒకరిద్దరు మూడు నాలుగు నెలలు అటూ ఇటూ అవుతారు. పక్కింటి పిల్లతో పోల్చి కంగారు పడొద్దు.

రెండేళ్ల పిల్లలిద్దరిని కూర్చోబెట్టి "కలిసి ఆడుకోండి" అంటే ఆడరు. పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడతారు. ఆ వయసుకు అదే పద్ధతి. 1932లోనే అమెరికా పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ పిల్లల ఆటలోని ఈ దశలను గమనించి రాసింది. కాబట్టి చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు ఒకే రకం చిప్పలు రెండు జతలు పెట్టండి, సగం గొడవలు తగ్గుతాయి. కలిసి నాటకం కట్టి ఆడేది మూడున్నర, నాలుగేళ్లు దాటాకే.

ఉడికించిన పిండి ముద్ద

పచ్చి పిండి కలిపి ఇస్తే సాయంత్రానికి పులిసి వాసన కొడుతుంది. ఉడికించినది నిలుస్తుంది. గ్లాసు అంటే ఇక్కడ 200 మిల్లీలీటర్ల టీ గ్లాసు.

కావలసినవి: మైదా 1 గ్లాసు, మెత్తటి ఉప్పు అర గ్లాసు, నీళ్లు 1 గ్లాసు, నూనె 1 పెద్ద చెంచా, నిమ్మరసం 1 పెద్ద చెంచా.

1. చల్లటి నీళ్లలో ఉప్పు పూర్తిగా కరిగించండి. కళ్లుప్పు అయితే ముందు దంచుకోవాలి, లేకపోతే ముద్దలో పలుకులు మిగిలి పిల్ల అరచేతికి గుచ్చుకుంటాయి.
2. నిమ్మరసం, నూనె పోసి, మైదా కొంచెం కొంచెంగా వేస్తూ ఉండలు లేకుండా కలపండి. దోసెల పిండిలా జారుగా ఉంటుంది, భయపడొద్దు.
3. అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి సన్నటి సెగ మీద పెట్టి గరిటె ఆపకుండా తిప్పండి. మూడు నుంచి ఐదు నిమిషాల్లో అంచులు వదిలి, మొత్తం ఒక ముద్దగా గరిటెకు చుట్టుకుంటుంది. తడి మెరుపు పోయినప్పుడు దించండి.
4. పళ్లెంలో వేసి చేయి పట్టేంత చల్లారాక రెండు నిమిషాలు బాగా పిసకండి. నునుపు వచ్చేది ఇక్కడే.

వేళ్లకు అంటుకుంటోందంటే ఉడకలేదు, మళ్లీ ఒక నిమిషం సెగ మీద పెట్టండి. పొడిపొడిగా విరుగుతోందంటే ఎక్కువ ఉడికింది, అర చెంచా నూనె రాసి పిసకండి. వానాకాలంలో మాత్రం ఎంత బాగా చేసినా రెండో రోజుకు పైన చెమ్మ పడుతుంది. ఉప్పు గాలిలోని తడిని లాక్కుంటుంది కాబట్టి అది మామూలే, కొంచెం పొడి మైదా అద్ది వాడుకోవచ్చు. బిగుతు మూత డబ్బాలో పెడితే బయట నాలుగైదు రోజులు, ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. బూజు చుక్క కనిపిస్తే ఆ ముక్క తీసేసి మిగతాది ఇవ్వడం వద్దు, మొత్తం పారేయండి.

ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లకు ఈ ముద్ద ఇవ్వకండి. ఇందులో ఉప్పు చాలా ఎక్కువ. గుప్పెడు తింటే చిన్నపిల్లకు ప్రమాదమే. వాళ్లకు అప్పుడే కలిపిన చపాతీ ముద్ద, అదీ మీరు పక్కన ఉన్నప్పుడు మాత్రమే. పచ్చిపిండి కూడా కడుపుకు మంచిది కాదు.

ముద్దతో పాటు అచ్చులు, కత్తులు, రోలర్లు ఇచ్చేస్తే పిల్ల అచ్చు నొక్కుతుందే తప్ప వేళ్లు వాడదు. మొదటి వారం ఉత్త ముద్దే ఇవ్వండి. పిసకడం, గిల్లడం, పాము చేయడం, ఉండ చేయడం – రేపు పలకమీద బలపం పట్టే మూడు వేళ్లకు ఇక్కడే బలం వస్తుంది. తర్వాత మీరు మొక్కజొన్న కండె ఒకటి పక్కన పెట్టి ఊరుకోండి. దాన్ని దొర్లిస్తే గళ్లు గళ్లుగా అచ్చు పడుతుందని వాళ్లే కనిపెడతారు.

రంగులు పెరట్లోనే ఉన్నాయి

పసుపు రంగుకు ముద్దలో చిటికెడు పసుపు. గులాబీకి ఒక బీట్‌రూట్ తురిమి పిండిన రసం, నీళ్లు తగ్గించి పోయాలి. ఆకుపచ్చకు పాలకూర రసం, అయితే రెండు రోజులకు గోధుమరంగులోకి దిగుతుంది. నీలానికి శంఖుపూలు పదిహేను, అర గ్లాసు వేడినీళ్లలో పది నిమిషాలు నానబెడితే చాలు.

నాలుగేళ్లు దాటిన పిల్లలకు ఇక్కడ ఒక గమ్మత్తు చూపించవచ్చు. పసుపు నీళ్లలో చిటికెడు వంటసోడా వేస్తే ఎరుపెక్కుతుంది. అందులోనే నిమ్మకాయ పిండితే నురుగు పొంగి మళ్లీ పసుపవుతుంది. శంఖుపూల నీళ్లలో నిమ్మరసం నాలుగు చుక్కలు వేస్తే నీలం కాస్తా ఊదా అవుతుంది. ముందు అడగండి: "ఏ రంగు వస్తుందనుకుంటున్నావ్?" జవాబు తప్పైనా సరిదిద్దకుండా, చుక్క వాళ్ల చేతే వేయించండి. పారాణికి వాడే సున్నంతోనూ పసుపు ఎరుపెక్కుతుంది కానీ సున్నం కంట్లో పడితే కన్ను పోతుంది. పిల్లల చేతికి సోడానే ఇవ్వండి.

వేళ్లతో పూసే రంగుకు రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండిని పావు గ్లాసు చన్నీళ్లలో ముందు కలిపి, ఆ తర్వాతే ముప్పావు గ్లాసు మరిగే నీళ్లలో పోసి గంజిలా ఉడికించండి. వేడినీళ్లలో పొడి పిండి నేరుగా వేస్తే పైపొర వెంటనే ఉడికిపోయి లోపల పిండి ఉండ కడుతుంది, ఇక ఎంత తిప్పినా కరగదు. చల్లారాక రంగు కలపండి. కాగితం నేలమీద కంటే గోడకు, పిల్ల భుజం ఎత్తులో అంటిస్తే మేలు. నిలువుగా గీసేటప్పుడు మణికట్టు వెనక్కి వంగి బలపడుతుంది.

ముగ్గు పిండి: రెండు వాకిళ్ల ఆట

మార్గశిరం గురువారాలు వచ్చాయంటే ఈ జిల్లాల్లో ఒడియా వాళ్ల గుమ్మాల్లో తడి బియ్యప్పిండితో ఝోటి, మన గుమ్మాల్లో ముగ్గు. పిల్లకు రెండూ కనిపిస్తాయి, రెండూ కావాలి. పొడి ముగ్గు పట్టు ఐదారేళ్లకు గానీ రాదు. అందుకని తడి పిండితో మొదలుపెట్టండి.

ఒక గ్లాసు బియ్యం నాలుగు గంటలు నానబెట్టి, నీళ్లు వంచి, మెత్తగా రుబ్బి, సుమారు గ్లాసున్నర నీళ్లతో పల్చబరచండి. వేలు ముంచి తీస్తే చుక్క ఒక క్షణం ఆగి రాలాలి. వెంటనే కారితే పలచన, ఎండాక కనిపించదు. రాలకపోతే చిక్కన, ఎండాక పెచ్చులూడుతుంది.

ఇక్కడ పిల్లలు బెంబేలెత్తే చోటు ఒకటుంది. తడిగా ఉన్నప్పుడు ఈ గీత దాదాపు కనిపించదు, నేల తడిసినట్టు మాత్రమే ఉంటుంది. మూడేళ్ల పిల్ల "రాలేదు, రాలేదు" అంటూ అదే చోట మళ్లీ మళ్లీ పూసి మడుగు చేస్తుంది. ముందుగానే ఒక చుక్క పెట్టి, పక్కన కూర్చుని, అది ఎండుతూ అంచుల నుంచి తెల్లబడటం చూపించండి. ఎండలో రెండు నిమిషాలు పడుతుంది. ఒకసారి చూశాక ఆగడం వాళ్లకే వస్తుంది. ఓపిక నేర్పడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు తెలియదు.

మొదటి బొమ్మగా అమ్మవారి పాదం వేయించండి. పిడికిలి బిగించి, చిటికెన వేలి వైపు అంచును పిండిలో అద్ది నేలమీద ఒత్తితే అరికాలు. వేలి కొనతో పైన ఐదు చుక్కలు పెడితే వేళ్లు. కుడి పిడికిలితో ఒకటి, ఎడమ పిడికిలితో ఒకటి. కుడి ఎడమల తేడా ఒంటికి ఎక్కేది ఇలాగే. చుక్కలు లెక్కపెట్టమనొద్దు, పెడుతూ మీరే పైకి అనండి.

చుక్కల ముగ్గు కావాలంటే నాలుగేళ్లకు మూడు చుక్కలు మూడు వరుసలు చాలు, చుక్కకూ చుక్కకూ జానెడు దూరం ఉంచండి. మూడేళ్ల వాళ్లకు చుక్కలు వద్దు, ఖాళీ నేల ఇవ్వండి. సవరల ఇళ్ల గోడల మీద ఎర్రమట్టి పూతపై తెల్లగా వేసే ఇడిటాల్ బొమ్మలు గజపతి, రాయగడ వైపు మీ పిల్లలు చూసి ఉండొచ్చు. అవి పూజకు వేసేవి, నకలు దింపించడం బాగుండదు. ఆ పద్ధతిలో, అంటే ఎర్రమట్టి పూసిన అట్టమీద తెల్ల పిండితో, తమ ఇంట్లో వాళ్లను వేయమనండి. మనిషికి రెండు గీతలు, తలకు ఒక చుక్క.

పడకగది గుమ్మంలో మాత్రం వేయించకండి. బియ్యప్పిండికి చీమలు తెల్లారేసరికి బారులు కడతాయి.

మట్టి

చెరువు గట్టు బంకమట్టి ఒక బొచ్చెడు తెచ్చి రాత్రంతా నానబెట్టండి. పొద్దున్నే పాత పంచెలో వడకట్టి రాళ్లు, గాజు పెంకులు, వేర్లు తీసేయండి. గోనెసంచి మీద పరిచి, అరచేతికి అంటకుండా ఉండేదాకా ఆరనివ్వండి. పిడికెడు సన్నటి ఇసుక కలిపితే పగుళ్లు తగ్గుతాయి.

బొమ్మ పగిలిపోయిందని పిల్లలు ఏడ్చేది రెండు కారణాలకు. ఒకటి, ఎండలో పెట్టడం. పైపొర ఆరి ముడుచుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది, మధ్యలో చీలుతుంది. నీడలో రెండు మూడు రోజులు ఆరాలి. రెండోది, కాలు, చెవి, తోక ఉత్తినే అతికించడం. అతికే రెండు వైపులా పుల్లతో అడ్డంగా నిలువుగా గీరి, పల్చటి బురద రాసి, అప్పుడు నొక్కాలి. నాలుగేళ్ల పిల్లకు ఈ గీరడం బొమ్మ కంటే ఎక్కువ నచ్చుతుంది.

మట్టాట అయ్యాక చేతులు సబ్బుతో, గోళ్లలోకి పోయేలా కడగాలి, గోళ్లు ఎప్పుడూ పొట్టిగా ఉండాలి. చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలకు నులిపురుగుల బెడద ఉంటుంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం. ఏడాది నుంచి 19 ఏళ్ల దాకా అంగన్‌వాడీలో, బడిలో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. దాన్ని తప్పించకండి.

అరటి దొప్ప పడవ

కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒడియా వాళ్లు బోయిత, అంటే చిన్న పడవ, నీళ్లలో వదులుతారు. మనవాళ్లు కార్తీకం చివర పోలి పాడ్యమికి అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. పదిహేను రోజుల తేడాలో రెండు పండగలు, రెంటికీ దొప్పే. ఈ ఆటకు అంతకంటే మంచి రోజులు లేవు.

గెల కొట్టేసిన అరటి బోదె నుంచి పై దొప్ప ఒకటి ఒలిచి, జానెడున్నర ముక్క మీరే కోయండి. కోసిన అంచును పిల్ల కంటికి దగ్గరగా పట్టండి. సన్నటి గదులు గదులుగా, మధ్యలో గాలి నిండి కనిపిస్తుంది. పడవ ఎందుకు తేలుతుందో వేరే చెప్పనక్కర్లేదు. లోతట్టు వైపు పైకి పెట్టి, రెండు కొసలూ దగ్గరకు నొక్కి, చీపురు పుల్ల ముక్కతో గుచ్చి బిగించండి. పుల్ల కొస బయటికి పొడుచుకు వస్తే కత్తిరించండి. అరటి కర బట్టకు అంటితే మచ్చ పోదు, పాత చొక్కా వేయండి.

ఇప్పుడు వెడల్పు తొట్టెలో మూడు వేళ్ల లోతు నీళ్లు పోసి పడవ పిల్ల చేతికివ్వండి. తెరచాప ఎత్తుగా పెడితే ఒరిగిపోతుంది. బరువంతా ఒక వైపు వేస్తే తిరగబడుతుంది. రెండూ జరగనివ్వండి, "అటు పెట్టు" అని ముందే చెప్పేస్తే ఆట అయిపోయినట్టే. మునిగాక "ఏమైంది?" అని ఊరుకోండి. ఐదేళ్ల పిల్లయితే ఎన్ని గులకరాళ్లకు మునుగుతుందో పందెం కట్టొచ్చు.

నీళ్ల ఆట జరిగినంతసేపూ మీ చేయి పిల్లకు అందేంత దూరంలో ఉండాలి. ఫోన్ మోగినా లేవకూడదు. చిన్నపిల్ల బొక్కబోర్లా పడితే రెండంగుళాల నీళ్లు చాలు. ఆట కాగానే తొట్టె బోర్లించేయండి. దీపం పెట్టడం పెద్దల పని.

సంత ఆట, ఇంటి మాట

మూడేళ్లు దాటాక బుట్ట సామాను అంతటితో ఒక సంత పెట్టించండి. చీర ముక్క పరిస్తే కొట్టు. చిప్పల్లో ఆకులు, పువ్వులు, మట్టి వంకాయలు. డబ్బులకు చింపిన కాగితం ముక్కలు. గిద్దతో ఇసుక నాలుగుసార్లు పోస్తే సోల నిండుతుంది, సోలతో రెండుసార్లు పోస్తే తవ్వ. పిల్ల పోసి చూడాలి, మీరు చెప్పకూడదు. తలకొట్టి కొలిచినప్పుడు, రాశి పోసి కొలిచినప్పుడు లెక్క ఎందుకు కుదరడం లేదో ఐదేళ్ల పిల్ల అడిగిందంటే మీ పని అయినట్టే.

ఒకసారి మీరు అమ్మండి, ఒకసారి పిల్ల అమ్మాలి. నానమ్మనో తాతయ్యనో బేరానికి పిలవండి. పెద్దవాళ్లు బేరం ఆడే మాటల్లో ఉన్నన్ని పలుకుబడులు ఏ రంగుల పుస్తకంలోనూ ఉండవు.

ఇక భాష సంగతి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, అంగన్‌వాడీలో ఒడియా, కొన్నిచోట్ల సవర, కువి. పిల్ల గందరగోళ పడుతుందని కొందరు ఇంట్లో కూడా ఒడియాకు మారిపోతున్నారు. అక్కర్లేదు. రెండు భాషలు వినడం వల్ల పిల్లకు మాట ఆలస్యం కాదు. రెండు భాషల్లోనూ వచ్చిన మాటలన్నీ కలిపి లెక్కేస్తే తోటి పిల్లలకు తీసిపోదు. ఒకే వాక్యంలో రెండూ కలపడం కూడా మామూలే. "అమ్మా, పాణి కావాలి" అంటే "అలా అనకూడదు" అని గద్దించకండి. "నీళ్లు కావాలా? ఇవిగో నీళ్లు" అని గ్లాసు అందించండి, అంతే. ఐదో తరగతి వరకైనా వీలున్న చోట ఇంటి భాషలో చదువు చెప్పాలని 2020 జాతీయ విద్యా విధానం అంటోంది. బడిలో అది దొరకని చోట ఆటలోనైనా దొరకాలి.

మీ యాస గురించి కూడా సిగ్గుపడొద్దు. టీవీ తెలుగు మాట్లాడాలని ప్రయత్నిస్తే మీకు మాటలు తడబడతాయి, ఆట చప్పబడుతుంది. జనం నోట్లోని భాషే రాతకూ పనికొస్తుందని గిడుగు రామమూర్తి పంతులు వాదించింది ఈ పర్లాకిమిడిలో ఉంటూనే. అదే గిడుగు సవర భాష కూడా నేర్చుకుని నిఘంటువు కూర్చాడు.

సంతలో ఒడియా బేరగాడు ఒకడు రావచ్చు, పిల్ల ఆ వేషం వేసుకుని ఒడియాలోనే బేరమాడవచ్చు. ఎవరితో ఏ భాష అన్నది వాళ్లకు నాలుగేళ్లకే తెలుసు.

ఆటలో పెద్దవాళ్లు ఏం చేయాలి

కిందనే కూర్చోండి, పిల్లకు ఎదురుగా. ఏదైనా అన్నాక మనసులో ఐదు లెక్కపెట్టి ఆగండి. చిన్నపిల్లకు జవాబు నోటిదాకా రావడానికి అంత వ్యవధి కావాలి. మనం మధ్యలోనే రెండో ప్రశ్న వేసేస్తాం.

"ఇది ఏ రంగు? అది ఎన్ని?" అని పరీక్ష పెట్టకండి. చేస్తున్నది చూసి చెప్పండి: "పెద్ద చిప్ప కింద చిన్నది దాచావే." వాళ్లు "బస్సు" అంటే "బస్సు ఎక్కడికెళ్తోంది, గుణుపురమా?" అని ఒక్క మెట్టు పెంచండి. గీసిన బొమ్మ చూసి "ఏనుగా?" అని అడగడం కంటే "దీని సంగతి చెప్పు" అనడం మేలు. ఏనుగు కాకపోతే పిల్ల చిన్నబోతుంది. "బలే బలే" అని ప్రతిదానికీ అంటే కొన్నాళ్లకు మీ మొహం చూడ్డానికే గీస్తుంది.

చేతులు కట్టుకోవడం అన్నిటికంటే కష్టం. మట్టి ఎద్దుకు కొమ్ము వంకరగా ఉందని మీరు సర్దితే అది మీ ఎద్దు అవుతుంది. "నాకు రాదు, నువ్వు చెయ్యి" అని ముద్ద మీ ముందుకు తోసే పిల్ల వెనకాల ఇలా సర్దిన చేతులే ఉంటాయి. అప్పుడు ఇంకో ముద్ద తీసుకుని పక్కనే మీ బొమ్మ మీరు, కావాలనే వంకరగా చేయండి.

రెండేళ్ల పిల్ల ఒక ఆట మీద పది నిమిషాలు కూర్చుంటే చాలా ఎక్కువ. నాలుగేళ్లకు పావుగంట, ఇరవై నిమిషాలు. నిద్రమత్తులో, ఆకలి మీద మొదలుపెట్టకండి. టీవీ ఆన్‌లో ఉన్న గదిలో ఏ ఆటా నిలబడదు. రెండేళ్లలోపు తెర అసలు వద్దనీ, రెండు నుంచి ఐదేళ్లకు రోజుకు గంటకు మించొద్దనీ భారత శిశువైద్యుల సంఘం 2021లో చెప్పింది. సూరత్‌లో పనిచేసే నాన్న వీడియో కాల్‌లో పిల్ల పడవ చూడటాన్ని నేనైతే ఆ గంటలో కలపను. అవతల మనిషి బదులు పలుకుతున్నాడు.

సర్దడం కూడా ఆటలో భాగంగానే పెట్టండి. చిప్పలు చిప్పల్లోకి, పెట్టెలు డబ్బాలోకి. చివరి రెండు వస్తువులు మాత్రం తప్పకుండా పిల్లే వేయాలి, మిగతావి మీరు వేసినా ఫర్వాలేదు.

ఇంట్లో ఉన్నా పిల్లల చేతికి చేరకూడనివి

గురివింద గింజలు ఎర్రగా నల్లగా ముచ్చటగా ఉంటాయి, కొరికితే విషం. ఆముదం గింజలు, పచ్చ గన్నేరు కాయలు, ఉమ్మెత్త కాయలు అంతే. మనవైపు జీడిపిక్కల ఆట పెద్దపిల్లలకు అలవాటు. పచ్చి జీడిపిక్క తొక్కలోని జిడ్డు తగిలితే చర్మం పొక్కుతుంది, చిన్నవాళ్ల బుట్టలోకి అవి రానివ్వకండి.

బొద్దింకలకు, చీమలకు గీసే మందు సుద్ద అచ్చం పలక సుద్దలాగే ఉంటుంది. ఇంట్లో బొమ్మలు గీసే పిల్ల ఉంటే అది కొననే కొనకండి.

మూడేళ్లలోపు వాళ్లకు చింతపిక్కలు, గోళీలు, బొత్తాలు, పగిలిన బెలూన్ ముక్కలు ఇవ్వకూడదు. పిల్ల గుప్పిట్లో పూర్తిగా దాగిపోయే వస్తువు గొంతులో కూడా ఇరుక్కోగలదని లెక్క వేసుకోండి. అచ్చంగాయల ఆట ఐదేళ్లు దాటాక. రిమోట్‌లో, పాడే బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ మింగితే గంటల్లోనే అన్నం దిగే గొట్టం కాలిపోతుంది. ఉమ్మిందా లేదా అని చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

కొనాలనే అనిపిస్తే ఏటికొప్పాక లక్కపిడతల జత ఒకటి కొనండి. అంకుడు కర్ర మీద లక్కతో వేసిన రంగులవి. సహజ రంగులా కాదా అని దుకాణంలో అడిగి తీసుకోండి, వాటి పేరుతో వేరేవీ అమ్ముతున్నారు.

ఎప్పుడు చూపించాలి

ఏడాదిన్నర నిండినా కావలసినదాన్ని వేలితో చూపించకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, రెండేళ్లకు రెండు మాటలు కలిపి ఏ భాషలోనూ అనకపోతే, మూడేళ్లకు కూడా దేన్నీ ఇంకోటిగా ఊహించి ఆడకపోతే, వచ్చిన మాటలు పోతుంటే – ఇంకో ఆరు నెలలు చూద్దామనుకోకండి. రెండు భాషల వల్లేమో అని సర్దిచెప్పుకోవద్దు కూడా. తల్లీబిడ్డల కార్డులో ఏ నెలకు ఏమి రావాలో బొమ్మలతో ఉంటుంది, అది తీసుకుని అంగన్‌వాడీ దీదీకి చూపించండి. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఆ తేదీ ఆశా దీదీని అడిగితే తెలుస్తుంది. ఆ తేదీ దూరంగా ఉంటే ఆగక్కర్లేదు, నేరుగా జిల్లా ఆస్పత్రికి వెళ్లి డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి చూసే కేంద్రం) ఎక్కడని అడగండి. పరీక్ష ఉచితం. ముందుగా చెవుల పరీక్ష చేయించమని మీరే అడగండి, మాట రాకపోవడానికి వినపడకపోవడం కారణమైతే అక్కడే బయటపడుతుంది. డాక్టరు ఒడియాలో అడిగినా, పిల్ల ఇంట్లో ఏ భాష వింటుందో, రెంటిలో ఏయే మాటలు అంటుందో కాగితం మీద రాసి తీసుకెళ్లండి.